పూలక్క ప్లేటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషులం నలుగురం, గ్రామఫోన్లు పదకొండు. ఆ పదకొండులో నోరు తెరిచి పాడేది ఒక్కటే. మిగతావాటిలో ఒకదానికి హారన్ లేదు, ఒకదానికి స్ప్రింగు లేదు, ఇంకొకటి ఉత్త డొల్ల పెట్టె. ఆ డొల్ల పెట్టెలో మా అమ్మ ఎండుమిరపకాయలు దాచుకునేది. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ దాన్ని చూపించి, "వీటిల్లో పనికొచ్చేది ఇదొక్కటే" అనేది.

ఈ నిర్వాకమంతా మా తాతయ్యది. మా అమ్మకు నాయన ఆయన. తిరుచానూరులో గుడికి పోయే దారికి పక్కనే ఒక సందులో మా ఇల్లు. మా నాయన లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఉండేవాడు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ మేం ముగ్గురమే ఉన్నట్టుండేది. తాతయ్య ముందు పంచలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ కుట్టుమిషన్లు, గోడగడియారాలు బాగుచేసేవాడు. అది కడుపు కోసం. గ్రామఫోన్లు మాత్రం ఆయన పిచ్చి. అప్పటికే రేడియోలు వచ్చేశాయి. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు పాత మిద్దె ఇళ్ళలో గ్రామఫోన్లు అటకెక్కి బూజు పట్టిపోతున్నాయి. ఈయన వెళ్ళి అడిగి, బతిమాలి, వాళ్ళ గడియారం ఒకటి ఊరికే బాగుచేసి పెట్టి, ఆ గ్రామఫోను తెచ్చుకునేవాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ మోచెయ్యి తగలకుండా రెండు చేతులూ అడ్డుపెట్టుకుని వచ్చేవాడు. ఇంకొక్కటి గడప దాటి లోపలికి వస్తే పుట్టింటికి పోతానని మా అమ్మ బెదిరించేది. పోదామన్నా ఆమెకు పుట్టిల్లు అదే కదా, అందుకని ఆ బెదిరింపు ఎప్పుడూ నెగ్గలేదు.

నాకు పదేళ్ళు. ఆ పిచ్చి నాకూ అంటుకుంది. స్క్రూడ్రైవరు పట్టుకోవడం వచ్చాకే నాకు జడ వేసుకోవడం వచ్చిందని మా అమ్మ ఇప్పుడుంటే కూడా చెప్పేది. పెట్టె మూత తీసి లోపల చూస్తే నాకు ఒళ్ళంతా పులకరింత. హ్యాండిల్ తిప్పితే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది. వదిలితే విప్పుకుంటూ పైన పెట్టిన పాటల ప్లేటును తిప్పుతుంది. అది తన ఇష్టం వచ్చినట్టు గిర్రున తిరిగిపోకుండా మూడు చిన్న గుండ్లు ఒక ఇరుసు చుట్టూ తిరుగుతూ వేగాన్ని పట్టి ఉంచుతాయి. పైన ఒక ముల్లు, ఆ ముల్లు వెనక అభ్రకం బిళ్ళ. అంతే! కరెంటు లేదు, వైరు లేదు. అందులోంచి మనిషి గొంతు వస్తుంది! ఈ వయసులోనూ ఆ మాట రాస్తుంటే నాకు ఊపిరి వేగమవుతోంది, ఏం చెయ్యమంటారు.

మా పంచకు ఎదురుగా, సందు మొగలో, ఒక రేకు కింద కూర్చుని ఒకామె పూలు అమ్మేది. ఊరందరికీ ఆమె పూలక్కే. పిల్లలకూ పూలక్కే, ముసలాళ్ళకూ పూలక్కే. అప్పటికి యాభై ఏళ్ళు ఉంటాయేమో. మోకాలి మీద నారపోగు పెట్టుకుని కనకాంబరాలు, మరువం కలిపి కడుతుంటే వేళ్ళు కనిపించేవి కావు. ఆమెకు ఒక కథ ఉండేది. పూలకొచ్చిన ఎవరితోనైనా మొదలుపెట్టేది. "నేను పన్నెండేండ్ల పిల్లప్పుడు మద్రాసుకు పోయి ప్లేటుకు పాడినా..." అని అనేది. అక్కడికి వచ్చేసరికి అవతలి మనిషి మూర ఇంకాస్త పొడుగు కొలవమనో, మరువం ఎక్కువ వెయ్యమనో అడ్డుపడేవారు. ఆ కథ చివరికి ఏమవుతుందో సందులో ఎవరికీ తెలియదు. అందరికీ తెలిసిందల్లా అది అబద్ధమని. గుడి ముందు పూలమ్ముకునే ఆమె మద్రాసులో ప్లేటుకు పాడటమేమిటి!

మేం పిల్లలం ఇంకో అడుగు ముందుకేశాం. ఆమెను ప్లేటక్క అనేవాళ్ళం. బడి వదలగానే ఆ రేకు ముందు గంతులేస్తూ, "ప్లేటక్కా ప్లేటక్కా, పాట యాడుండాది? బుట్టలోన పెట్టినావా, కొప్పులోన పెట్టినావా?" అని పాడేవాళ్ళం. ఆ పాట కట్టింది నేనే. చాలా బాగా కుదిరిందని అప్పట్లో నాకు గర్వంగా కూడా ఉండేది. ఆమె మమ్మల్ని ఎప్పుడూ తిట్టలేదు, తల వంచుకుని పూలు కట్టుకునేది.

ఒక సాయంత్రం తాతయ్య నన్ను పంచలోకి పిలిచాడు. వీపు విమానం మోతే అనుకుని వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు.

"ఆ ప్లేటు నువ్వు సూసినావా?"

లేదన్నాను.

"సూడకుండానే పాట కట్టినావే, గట్టిదానివే! పోయి అడిగి తీసుకురా. నేను బాగా సూసుకుంటానని సెప్పు."

అడిగితే పూలక్క చేతిలో దండ పక్కన పెట్టి తన కథ మొదలుపెట్టింది. అప్పుడే నేను ఆమె కథను మొదటిసారి చివరిదాకా విన్నాను, అది కూడా తాతయ్య పంపాడు కాబట్టే కదలకుండా నిలబడి. వాళ్ళది సత్యవేడు. వాళ్ళ నాయన నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. అక్కడినుంచి మద్రాసు దగ్గరే కదా, ప్లేట్లు చేసే కంపెనీవాళ్ళు పిలుస్తున్నారని ఎవరో చెబితే కూతుర్ని తీసుకెళ్ళాడు. పాడించుకున్నారు, ఒక ప్లేటు చేతిలో పెట్టి పంపారు. తర్వాత ఆ పిలిచినవాళ్ళు మళ్ళీ పిలవలేదు. నాయన పోయాడు, పెళ్ళయింది, పూలబుట్ట చేతికొచ్చింది. ప్లేటు మధ్యలో అతికించిన కాగితం మీద ఆమె పేరు ఉండేదట. ఆ కాగితాన్ని చెదలు తినేశాయి.

"పేరు పోయినాక ఎవురు నమ్ముతారమ్మే? అయితే ఆ కాలంలో పాట అయిపోయినాక మేమే నోటితో పేరు సెప్పేవాళ్ళం. అది దాంట్లో ఉండాది. ఒగ తూరి ఒగరింట్లో మిషను మీద పెట్టినారు. పేరు వచ్చేలోపలే కీ అయిపాయె. ఆడికే లేసి పోయినారు అందురూ."

మరుసటి రోజు తెల్లవారగానే పాత పట్టుచీర ముక్కలో చుట్టి ఆ ప్లేటు తెచ్చింది. నల్లగా, బరువుగా, మధ్యలో చెదలు తిన్న మచ్చతో ఉంది. తాతయ్య దాన్ని దీపం ముందు పెట్టి ఏటవాలుగా చూశాడు. పగుళ్ళు లేవు. అయితే మా ఇంట్లో పాడే ఆ ఒక్క గ్రామఫోనుకూ ఒక రోగం ఉంది. దాని స్ప్రింగు ఎప్పుడో తెగితే, తెగిన ముక్క తీసేసి మిగిలినదానికే కొక్కెం పెట్టి సరిపుచ్చాడు తాతయ్య. స్ప్రింగు పొట్టిదైపోయింది కాబట్టి ప్లేటు చివరికి వచ్చేసరికి అది నీరసించిపోయేది. మేం పాట అయిందనిపించి ముల్లు ఎత్తేసేవాళ్ళం. ఇప్పుడు కావలసిందేమో సరిగ్గా ఆ చివరే! దానికేదో ఉపాయం చూస్తాననీ, ఆదివారం సాయంత్రం తన ఎదురుగానే పెడతాననీ పూలక్కతో చెప్పాడు.

ఆ మాట నా కడుపులో ఆగుతుందా? శనివారం పొద్దున్నుంచీ సందులో ప్రతి గడపా ఎక్కి, ఆదివారం మా పంచలో పూలక్క ప్లేటు పెడుతున్నారని చాటింపు వేశాను. ఎవరూ చెప్పమనలేదు. ఎవర్నీ అడగలేదు కూడా. అక్కడితో ఆగినా బాగుండేది. మధ్యాహ్నం తాతయ్య ఎవరింటికో కుట్టుమిషను చూడటానికి వెళ్ళాడు. ప్లేటు చివరిదాకా తిరగాలంటే గ్రామఫోనుకు కాస్త సాయం చెయ్యాలని నాకు తోచింది. చెనక్కాయల బండ్లు మా సందులోంచి వెళ్ళేటప్పుడు బండివాళ్ళు ఇరుసుకు ఆముదం పూయడం నేను రోజూ చూసేదాన్నే. ఆముదం పోస్తే అంత పెద్ద బండిచక్రమే కిక్కురుమనకుండా తిరుగుతుంది, ఈ చిన్న గుండ్లెంత? నెలకోసారి నా గొంతులో పోయడానికి మా అమ్మ దాచిన ఆముదం సీసా తెచ్చి, పెట్టె మూత విప్పి, ఆ మూడు గుండ్ల మీదా ఇరుసు మీదా ధారగా పోశాను. కొంచెం కూడా పిసినారితనం చూపించలేదు. మూత బిగించి, చేతులు లంగాకు తుడుచుకుని, గొప్ప పని చేశానని పొంగిపోయాను.

ఆదివారం మా పంచలో చీమ దూరే సందు లేదు. అంతమందిని చూసి తాతయ్య నా వైపు ఒక చూపు చూశాడు. లాడ్జీలో గుమాస్తా పని చేసే ఒక మామ ముందు వరసలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వేళాకోళంలో ఆయన తర్వాతే ఎవరైనా. పూలక్క ఉతికిన చీర కట్టుకుని, తలలో తన పూలే పెట్టుకుని వచ్చి గోడ వారగా నిలబడింది. తాతయ్య కొత్త ముల్లు బిగించాడు, కీ ఇచ్చాడు, ముల్లు దించాడు.

కరకర శబ్దం వచ్చింది. తర్వాత పాట వచ్చింది. వచ్చింది మగగొంతు! మగగొంతు కూడా కాదు, జలుబు చేసిన మగవాడెవరో నిద్రలో మూలుగుతున్నట్టు, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ వచ్చింది. తాతయ్య వేగం స్క్రూ తిప్పిచూశాడు, ఏమీ మారలేదు. ముందు వరసలోంచి లాడ్జి మామ అందుకున్నాడు.

"ఇది మొగోని గొంతు గదప్పా! పూలక్కా, అప్పుట్లో నీకు మీసాలుండేవా?"

పంచంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తున్నాను. అందరూ నవ్వారు కాబట్టి నవ్వు వచ్చింది. నవ్వుతూనే పూలక్క వైపు చూశాను. ఆమె సరిగ్గా అప్పుడే నా వైపు చూసింది. తాతయ్య ముల్లు ఎత్తేశాడు. పూలక్క ప్లేటును పట్టుగుడ్డలో చుట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయింది.

మరునాడు రేకు కింద పూలక్క లేదు. కార్తీక మాసం, అమ్మవారి ఉత్సవాల ముందు రోజులు, పూలు అమ్మేవాళ్ళకు ఊపిరాడని కాలం. ఆ మరునాడు కూడా రాలేదు. ఖాళీగా ఉన్న ఆ జాగాలో ఒక కుక్క పడుకుంది. బడికి పోతూ, వస్తూ దాన్ని చూడకుండా నడవాలని చూసేదాన్ని.

ఆ మంగళవారమే తాతయ్య గ్రామఫోను బోర్లించి లోపలి మిషను బయటికి తీశాడు. వేలితో ఇరుసును తాకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నన్ను పిలిచాడు.

"పాపా, నీకు కడుపు బాగుండాదా?"

బాగుందన్నాను.

"దీనికి బాగలేదనుకుంటా. ఆముదం తాగుండాది."

నేను ఘొల్లుమన్నాను. ఏడుస్తూనే బండ్ల సంగతి, ఇరుసు సంగతి, ప్లేటు చివరిదాకా తిరగాలనే చేశానన్న సంగతీ చెప్పాను. ఆయన కొట్టలేదు. నవ్వు ఆపుకుంటున్నాడని మీసం కదలడం చూస్తే తెలిసింది.

"బండి ఇరుసుకు ఆముదం పూస్తే లాగేదానికి ఎద్దులుండాయి. దీనికి ఎద్దులు యాడుండాయి పిచ్చిదానా? ఉండేదే పొట్టి స్ప్రింగు. జిడ్డులో ఈదలేక పాపం నీరసపడింది. ప్లేటు మెల్లగా తిరిగితే ఆడగొంతు గూడా మొగగొంతు అయిపోతాది." ఆ తర్వాత ఆయన గొంతు మారింది. "ఆయమ్మ అబద్ధం సెప్పలేదు. ప్లేటూ అబద్ధం సెప్పలేదు. మన జిడ్డు మనం విని, ఆమెను సూసి నవ్వినాం."

నవ్వినాం అన్నాడు. నవ్వినావు అనలేదు. ఆ ఒక్క అక్షరానికి నేను ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటాను.

తర్వాతి మూడు రోజులు నా జీవితంలోకెల్లా సంబరమైన రోజులు. తప్పు చేసినదానికి అంత సంబరం ఏమిటని మా అమ్మ గొణిగింది కూడా. మిషనునంతా విప్పాం. ప్రతి పళ్ళచక్రాన్నీ కిరసనాయిలులో ముంచి, కోడి ఈకతో రుద్ది, మళ్ళీ ముంచి, గుడ్డ మీద వరసగా ఎండబెట్టాను. ఏది ఎక్కడిదో మర్చిపోకుండా ఒక్కోదాని పక్కన ఒకటి, రెండు, మూడు అని చింతగింజలు గుర్తుగా పెట్టుకున్నాను. స్ప్రింగును మాత్రం నా చేతికి ఇవ్వలేదు. అది విప్పుకుంటే చెయ్యి కోసేస్తుంది. దాన్ని తాతయ్య గోనెసంచి చుట్టుకుని, పామును పట్టినట్టు పట్టుకుని బయటికి తీశాడు. నేను గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూశాను. మూడో రోజు అన్నీ బిగించాక, ఈసారి కుట్టుమిషను నూనె, అదీ ఈక కొనతో ఒక్కో చుక్క వేశాడు. ప్లేటు పెట్టే పళ్ళెం అంచుకు ఒక కాగితం ముక్క అంటించి, గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో నన్ను లెక్కపెట్టమన్నాడు. డెబ్బై ఎనిమిది! నేను గంతేశాను.

"అది ఇప్పటి లెక్క," అన్నాడు తాతయ్య. "ఆ కాలంలో అన్ని ప్లేట్లూ ఒగటే వేగంతో చెయ్యలేదు. ఇది ఎంతలో తిరగాల్నో పాడినామెకే తెలుస్తాది. పోయి పిలుసుకునిరా. ఆముదం సంగతి నేను సెప్పను. నువ్వే సెప్పాల."

పూలక్క ఇల్లు ఊరి చివర చెరకు తోటల పక్కన. అరుగు మీద కూర్చుని పూలు కడుతోంది. కట్టిన పూలు ఇంకెవరికో ఇచ్చి అమ్మిస్తోందట. నేను దూరంగానే నిలబడి, ఒక్క గుక్కలో మొత్తం చెప్పేశాను. చెప్పి కళ్ళు మూసుకున్నాను, చెంప పగులుతుందని.

"ఆముదమా!" అంది. "నా గొంతు ఎప్పుడూ అంత జిడ్డుగా లేదులేమ్మే" అంది. నేను కళ్ళు తెరిచాను. ఆమె నవ్వడం లేదు. "అది సరే. నువ్వు నవ్వినావు గదా?"

అవునన్నాను. అప్పుడు నాకు వచ్చిన ఏడుపు అంతకు ముందెప్పుడూ రాలేదు. ఆముదం పోసింది తెలియక. నవ్వడం మాత్రం తెలిసే కదా నవ్వాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది, ఓదార్చలేదు. అంతా అయ్యాక చెంబుతో నీళ్ళు ఇచ్చి మొహం కడుక్కోమంది. లోపలికి వెళ్ళి పట్టుగుడ్డ మూట తెచ్చుకుంది.

"వస్తా. కానీ ఎవుర్నీ పిలవకూడదు."

ఆ మాట తాతయ్యకు చెబితే ఆయన, "పిలవను, ఒగర్ని కూడా పిలవను" అని ప్రమాణంగా చెప్పాడు.

అది శుక్రవారం. దీపాలు పెట్టే వేళ. తాతయ్య భజన మందిరం నుంచి హార్మోనియం తెప్పించి ఉంచాడు. ఏ శ్రుతిలో పాడావని పూలక్కను అడిగితే ఆమె తడుముకోలేదు. వాళ్ళ నాయన హార్మోనియం పెట్టెలో ఐదో తెల్లమెట్టు అంది. నలభై ఏళ్ళు కావస్తున్నా గుర్తుంది! తాతయ్య ఆ మెట్టు నొక్కిపట్టి తిత్తి ఊదుతూ ఉంటే ఆమె ఆ పాట మొదటి పాదం మెల్లగా పాడింది. అమ్మవారిని ఊయలలో ఊపే పాట. ఆమె గొంతు కాస్త బొంగురుపోయింది, పై స్వరాలు అందడం లేదు, అయినా శ్రుతి దాటలేదు. తాతయ్య మిషను మీద ప్లేటు పెట్టి ముల్లు దించాడు. ఈసారి మగగొంతు కాదు. ఆడపిల్లే! అయితే శ్రుతికి వెంట్రుకవాసి కింద ఉంది. తాతయ్య స్క్రూను కొంచెం తిప్పాడు. పిల్ల గొంతు పైకి లేచింది. ఇంకొంచెం తిప్పాడు. హార్మోనియం, మిషనులో పన్నెండేళ్ళ పిల్ల, గోడ పక్కన యాభై ఏళ్ళ మనిషి, ముగ్గురూ ఒక్క చోట కలిశారు. కలిసిన క్షణం నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పూలక్క పాడటం ఆపేసింది. ఆమెకు అందని పై స్వరాన్ని మిషనులో పిల్ల ఆడుతూ పాడుతూ అందుకుంది. పూలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తాతయ్య ముల్లు ఎత్తాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి కదా, నిండా కీ ఇచ్చాడు, కొత్త ముల్లు బిగించాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. మా వైపు ఉన్న హారన్‌ను రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా వీధి వైపు తిప్పాడు. పూలక్క చూసింది. వద్దనలేదు. కొంగు సర్దుకుంది.

శుక్రవారం సాయంత్రం అమ్మవారి దర్శనానికి పోని ఆడది తిరుచానూరులో ఉండదు. సందంతా జనం. పాట మొదలవగానే పూజ పళ్ళెం పట్టుకున్న ఒకామె ఆగింది. ఆమె వెనక వస్తున్న ఇద్దరు ఆగారు. ఏమిటని ఎవరో అడిగితే తాతయ్య చాలా మామూలుగా, "ఏం లేదమ్మా, మిషను బాగుచేసినా, ట్రయలు సూస్తా ఉండా" అన్నాడు. ఆయన మాట తప్పలేదు, ఒక్కర్నీ పిలవలేదు! పాట సగానికి వచ్చేసరికి దారి నిండిపోయింది. లాడ్జి మామ సైకిలు మీద వచ్చి, దారి లేక ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు మొదలైంది నాకు దడ. పాట చివరి చరణంలో ఉంది. పళ్ళెం అంచున కాగితం ముక్క కాస్త నెమ్మదిస్తోంది. నాకు కనిపించింది, తాతయ్యకూ కనిపించింది. ఆయన నా వైపు తిరిగి హ్యాండిల్ చూపించాడు. తిరుగుతుండగానే కీ ఇవ్వాలి. గట్టిగా తిప్పితే పెట్టె అదిరి ముల్లు ఎగిరిపోతుంది. మెల్లగా తిప్పితే స్ప్రింగుకు బలం చాలదు. ఆ పని ఆయన నాకు ఇచ్చాడు, ఆముదం పోసిన చేతికి! నేను హ్యాండిల్ పట్టుకుని, మా అమ్మ దోసెల పిండి రుబ్బేటప్పుడు పొత్రం తిప్పినట్టు, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఊపు పెంచకుండా తిప్పాను. నుదుటి చెమట కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. కాగితం ముక్క మళ్ళీ వేగం అందుకుంది.

పాట అయిపోయింది. కరకర శబ్దం ఒక్కటే మిగిలింది. వీధిలో జనం కదలబోయారు. "అయిపాయె" అంటూ లాడ్జి మామ పెడలు మీద కాలు పెట్టాడు. తాతయ్య అరచెయ్యి పైకెత్తాడు, ఉండండని. కరకర, కరకర. నేను తిప్పుతూనే ఉన్నాను. ఇంకేమీ లేదేమో, అరిగిపోయిందేమో, నలభై ఏళ్ళుగా ఆమె మనసులోనే ఉందేమో అనుకున్నాను. అప్పుడు హారన్‌లోంచి ఒక చిన్న పిల్ల, భయపడుతూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు గబగబా అంది.

"నా పేరు సత్యవేడు మునెమ్మ!"

చాలామందికి ఆమె పేరు మునెమ్మ అన్నదే అప్పుడు తెలిసింది. లాడ్జి మామ సైకిలు దిగాడు, స్టాండు వేశాడు, పంచ మెట్టు దాకా వచ్చాడు.

"మునెమ్మక్కా, రొండు మూరల కనకాంబరాలు కావాల."

పూలక్క కళ్ళు తుడుచుకుని నిటారుగా నిలబడింది. "ఈ పొద్దుకు పూలు లేవప్పా. రేపు అంగటికాడికి రా" అంది. జనం మళ్ళీ నవ్వారు. ఈసారి ఆమె కూడా నవ్వింది. వెళ్ళిపోతూ నా దగ్గర ఆగి, హ్యాండిల్ మీద బిగుసుకుపోయిన నా వేళ్ళను ఒక్కొక్కటే విప్పింది. "ఇప్పుడు కట్టమ్మే నీ పాట" అంది.

మరునాడు తెల్లవారేసరికి రేకు కింద కుక్క లేదు. మునెమ్మక్క ఉంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. తిరుపతిలో మా ఇంట్లో గ్రామఫోన్లు పంతొమ్మిది. పాడేవి పదిహేడు, తాతయ్య కంటే నేనే నయం. వేలూరు నుంచీ మదనపల్లె నుంచీ పాత మిషన్లు తెచ్చి నా ముందు పెడుతుంటారు. వేగం చూడటానికి ఇప్పుడు ఫోనులోనే ఏదో వచ్చింది, నా మనవరాలు దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నేను వద్దనను. అయితే ఒక ముసలాయన వాళ్ళమ్మ ఇష్టపడిన ప్లేటు తెస్తే, ఆ పాట ఆయన ఎలా విన్నాడో ఒకసారి కూనిరాగం తియ్యమని అడుగుతాను. సిగ్గుపడుతూ తీస్తారు. స్క్రూ దానికి తిప్పుతాను.

పాట అయిపోగానే మా మనవరాలు ముల్లు ఎత్తబోతుంది. ఆగమంటాను. కరకర వినిపించినంతసేపూ విందామంటాను. నూటికి తొంభై తొమ్మిది ప్లేట్లలో అక్కడ ఏమీ ఉండదు, అది నాకూ తెలుసు. మనుషుల దగ్గరా అంతే. చెప్పిందే చెప్పే చుట్టం, పాత గొప్పలు మొదలుపెట్టే పక్కింటాయన, కథంతా పెడదారి పట్టించి చెప్పే మా మనవరాలు. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ, ఆ బుద్ధి మారలేదు. సగంలోనే అందుకుని ఏదో ఒక మాట అనేద్దామని నోటి దాకా వస్తుంది. సరిగ్గా అప్పుడు నా వేళ్ళకు ఆముదం వాసన తగులుతుంది. నోరు మూసుకుని, వాళ్ళ పేరు వచ్చేదాకా కూర్చుంటాను.